మోత్కూరు బెంజమిన్ ప్రాసెసర్ కొన్న కథ

మోత్కూరులో పెళ్లి వీడియోల మిక్సింగ్ చేసే బెంజమిన్‌కు రెండు పిచ్చులు. తక్కువ ధర వస్తువుతో ఎక్కువ పని పిండుకోవడం ఒకటి. కొన్న వస్తువుకు కవరు విప్పకపోవడం రెండోది. బండి సీటు మీది పాలిథిన్ పేలికలైనా సరే ఊడదు. టీవీ రిమోట్ కవరులోంచే పనిచేయాలి. తల్లి ఈదమ్మకు కొనిచ్చిన మెత్త కుర్చీ ఆరేండ్లుగా ప్లాస్టిక్‌లోనే ఉంది. ఎండాకాలం ఆమె లేస్తే కుర్చీ కూడా వెంట లేస్తుంది.

మొన్న వేసవిలో పాత కంప్యూటర్ అమ్మేసి, కొత్తది తనే బిగించుకుందామని హైదరాబాదు పోయాడు. దుకాణదారు అన్నిటికంటే ఖరీదైన ప్రాసెసర్ తీసి ముందు పెట్టాడు.

"అన్నా, మనకు గా సగం ధరది చాలు. దాని వేగానికి తాళం లేదు. మనమే పెంచుకుంటం" అన్నాడు బెంజమిన్.

దీన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు, ప్రాసెసర్‌ను కంపెనీ చెప్పిన వేగం కంటే ఎక్కువ పరుగెత్తించడం. పరుగెత్తితే వేడెక్కుతుంది కాబట్టి, మిగిలిన పైసల్లో కొన్ని పెట్టి ఇటుకంత బరువున్న రెండు ఫ్యాన్ల కూలర్ తీసుకున్నాడు. నీళ్లతో చల్లబరిచేదీ చూపించారు. "కంప్యూటర్‌కు గూడ నల్లా కనెక్షనా? వద్దన్నా" అన్నాడు. నిజం చెప్పాలంటే, ఎంపికలో వంక పెట్టడానికి లేదు.

ఆ ఆదివారం సాయంత్రం ఎరువుల దుకాణం గుర్వయ్య బిడ్డ రిసెప్షన్. పెళ్లి వీడియో పెద్ద తెర మీద వేయాలి. మండలమంతా అక్కడే ఉంటుంది. వీడియో పడకపోతే బెంజమిన్‌ను ఇంకో పెళ్లికి పిలిచేవాడుండడు. శనివారం పొద్దున కొత్త కంప్యూటర్ బిగించి, వేగం పెంచి పని మొదలుపెట్టాడు. పది నిమిషాల్లో వేడి తొంభై ఐదు డిగ్రీలు దాటింది, కంప్యూటర్ ఆగిపోయింది. వేగం తగ్గించినా అదే తంతు. దుకాణదారును తిట్టాడు, ప్రాసెసర్‌ను తిట్టాడు, మోత్కూరు ఎండను తిట్టాడు. తనను మాత్రం తిట్టుకోలేదు. గుర్వయ్య రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. లోపల నిజంగానే భయం పట్టుకుంది.

ఈదమ్మ చెమట తుడుచుకుంటూ వచ్చి, ఆగిపోయిన కంప్యూటర్ డబ్బాలో చెయ్యి పెట్టి కూలర్‌ను తడిమింది.

"అమ్మా, ముట్టకు! కాలుతది!"

"ఏడ కాలుతాందిరా? గీ ఇనుము సల్లగున్నది. నలభై ఏండ్లు పొయ్యి కాడ ఉన్న. కింద మంట మండుతాంది, మీద గిన్నె కాలుతలేదంటె, నడుమ ఏదో అడ్డమున్నట్టే."

బెంజమిన్ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. కూలర్ విప్పాడు. ప్రాసెసర్‌ను తాకాల్సిన రాగి అడుగుకు పలచటి ప్లాస్టిక్ పొర అతుక్కుని ఉంది. బిగించే ముందు తీసేయమని దాని మీద ఎర్రటి అక్షరాలతో రాసే ఉంది. చూడక కాదు, చూశాడు. తళతళలాడే రాగికి గీతలు పడతాయని ఉంచేశాడు.

పొర పీకి, వేడిని కూలర్‌కు అందించే పేస్టు కొత్తగా రాసి బిగిస్తే, పెంచిన వేగం మీద కూడా వేడి డెబ్బై దాటలేదు. ఆదివారం గుర్వయ్య ఆ వీడియోను రెండుసార్లు వేయించుకుని చూశాడు.

ఇంటికొచ్చి బెంజమిన్ కోతలు మొదలుపెట్టాడు. "సూసినవా అమ్మా, సగం ధరకే ఎంత పని జేసిందో!"

"మంచిదే బిడ్డా. గా డబ్బా ఉడుకుతాందని ఒక్క పూటల పొర పీకినవ్. ఆరేండ్ల సంది నేను గీ కుర్చీల ఉడుకుతున్న. నాకెప్పుడు పీకుతవ్?"

బెంజమిన్‌కు సిగ్గేసింది. కత్తెర వెతకలేదు, చేతులతోనే కవరు చింపాడు. ఇన్నేండ్లూ ఆకుపచ్చ అనుకున్న గుడ్డ నీలం రంగుది, పాతబడి పసుపురంగుకు తిరిగింది పైనున్న ప్లాస్టిక్.

ఈదమ్మ కూర్చుంది. నమ్మకం కుదరక ఒకసారి లేచి చూసింది. కుర్చీ వెంట రాలేదు.