అందుకునే వంతు

నా భార్య పోయాక పెట్టుకున్న ఆదరణ కూడికకు పాటలు ఎంచే పని కూడా నాకే వచ్చింది. ఏక్‌బాల్‌పూర్‌లోని మా తెలుగు చర్చిలో గాయక బృందాన్ని నడిపేది నేనే మరి. హౌరా వెళ్లే లాంచీలో బల్ల మీద కూర్చుని నోట్‌బుక్ తెరిచాను. బృందంలోని పిల్లలకు తెలుగు చదవడం రాదని పాటలన్నీ బెంగాలీ అక్షరాల్లో రాసుకునేవాళ్లం. కీర్తనలు రెండు తేలిగ్గానే దొరికాయి. మూడోది మా ఆవిడ వంట చేస్తూ పాడుకునే ఊడుపుల పాట. చర్చిలో బాగుండదని కొట్టేశాను. అయినా శ్రుతి చూస్తున్నట్టు దాన్నే సన్నగా పాడుకుంటున్నాను. ఏడుపేమీ రావడం లేదు.

పక్కన ఒక ముసలామె, కార్పొరేషన్ చీపురు కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చుంది.

“మా శ్రీకాకులం ఊడుపుల పాట కదేటి బాబూ? ఒక్కడివే పాడతన్నావేటి?” అంది.

“ఊరికే” అన్నాను.

“ఒకలు పాడితే పదిమందీ అందుకోవాల. నాను సెప్తాను, నువ్వందుకో.”

మొదటి వరస పాడి ఆగింది. రమ్మన్నట్టు నా వైపు అరచెయ్యి చాపింది. ఆ పాట ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో విన్నదే. నేను అందుకోలేకపోయాను. ఆమె చెయ్యి అలాగే ఉంచింది. ఇంతలో లాంచీ రేవుకు తగిలింది.

ఆమె చీపురు తీసుకుని, నా వంతు కూడా తనే పాడుకుంటూ మెట్లెక్కి వెళ్లిపోయింది.

కొట్టేసిన పాటను మళ్లీ రాశాను. కూడికలో అందరూ బాగానే అందుకున్నారు. నేను చేతులు మాత్రం ఆడించాను.