గడ్డం దాకా గొయ్యి

గున్నమ్మ గోతిలోకి దిగి నిలబడింది. నేల ఆమె నడుము దాకా వచ్చి ఆగింది. అంతే లోతు. ఎనిమిది మీటర్ల కరెంటు స్తంభానికి అంతే!

భిలాయిలోని క్యాంప్ 1 బస్తీలో పదిహేనేళ్లుగా మట్టిపని చేస్తున్న మనిషికి టేపుతో పనిలేదు. తాను దిగితే నేల గడ్డానికి తగలాలి, అదే ఆమె కొలత.

"ఎవుడ్రా ఈ గొయ్యి సరిపోతాదన్నోడు? రమ్మనండి ఆడ్ని!"

స్తంభానికి తాళ్లు కట్టి లేపబోతున్న మనుషులు ఆగిపోయారు. తోటి కూలి ఛాయ వంగి చెయ్యి అందించింది. "దీదీ, బాహర్ ఆ జా. ఠేకేదార్ నికాల్ దేగా." కాంట్రాక్టరు పనిలోంచి తీసేస్తాడని ఆమె భయం. గున్నమ్మ ఆ చేతిని విసిరికొట్టింది.

గున్నమ్మది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. అక్కడ తుపానుకి ఇల్లు కూలిపోతే చెల్లెలు సింహాచలమ్మని, దాని కూతురు అమ్ముని తానే భిలాయి రప్పించుకుంది. సముద్రం లేని ఊరే, గాలి భయం ఉండదే అని ధైర్యం చెప్పింది. అయినా పాత అలవాటు పోక, ఇంటి రేకుల్ని ఇనుప తీగతో దూలాలకీ, దూలాల్ని గోడలోని కొక్కేలకీ బిగించింది. రేకుల మీద రాళ్లు పెట్టుకున్న వీధివాళ్లంతా పిచ్చిదాన్ని చూసినట్టు చూసి నవ్వారు. తొంభై మూడు జూన్‌లో గాలిదుమారం లేచినప్పుడు వాళ్ల రేకులు రాళ్లతో సహా ఎగిరిపోయాయి. గున్నమ్మ ఇల్లు చెక్కుచెదరలేదు.

పడింది గుమ్మం ముందరి కరెంటు స్తంభం. ఆరేసిన బట్టలు తీయడానికి బయటికొచ్చిన సింహాచలమ్మ మీద తీగ తెగిపడింది. మనిషి అక్కడికక్కడే పోయింది.

ఏడాది తిరిగింది. అదే చోట కొత్త స్తంభం, అదే కాంట్రాక్టరు, అదే నడుము లోతు! కడుపు మండదా మరి?

కాంట్రాక్టరు సూర్యారావు స్కూటరు దిగి వచ్చాడు. గున్నమ్మ వాళ్ల ప్రాంతంవాడే. ఆడకూలీలందర్నీ, అక్కా అన్నట్టు, అప్పా అనే పిలుస్తాడు.

"ఏటప్పా ఇది? మనోళ్లం గదా, నలుగురిలో నా పరువు తీస్తావేటి?"

"నీ పరువు గంగలో కలవ! ఈ గోడకవతలే నా అమ్ము తొంగుంటాది."

"కింద రాయి తగిలినాది. నానేటి సేసేది?"

"పగలగొట్టించు."

"సుట్టూ సిమెంటు పోస్తే నిలబడతాదిలే, లెగు."

"పడిపోయినదానికీ ఇదే మాటన్నావు!"

సూర్యారావుకి తిక్కరేగింది. "దానికి గొయ్యి తవ్వింది ఎవులు? నువ్వు గాదా? అప్పుడేటయింది నీ నోరు?"

అందరూ గున్నమ్మ వైపు తిరిగారు. ఈ సంగతి అమ్ముకి కూడా తెలియదు. ఆ పిల్ల గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నానే తవ్వినాను," అంది గున్నమ్మ. "నడుముకొచ్చినాది. సాలదని నాకు తెలుసు. అప్పా అని పిలిసినావు. మనోడు, పనిచ్చినోడు అని నోరు మూసుకున్నాను. నా సెల్లిని నువ్వొక్కడివే సంపలేదురా, నానూ సంపినాను! మల్లీ మూసుకోమంటావేటి? స్తంభం పాతాలంటే నన్నిందులోనే ఎట్టి పాతు!"

సూర్యారావు తల తిప్పుకున్నాడు. ఎవరివైపూ చూడకుండా సుత్తీ ఉలీ తెమ్మని కేకేశాడు.

రాయి పగిలేసరికి మధ్యాహ్నం రెండయింది. గున్నమ్మ మళ్లీ దిగింది. నేల గడ్డానికి తగిలింది. బయటికొచ్చి కొంగుతో మొహం తుడుచుకుంది. అమ్ము దగ్గరికొచ్చి చెంబుతో నీళ్లు ఇచ్చింది. గున్నమ్మ గటగటా తాగి, స్తంభం లేవడం చూడను కూడా చూడకుండా, వీధిలో అవతలి స్తంభానికి తవ్విన గొయ్యి దగ్గరికి నడిచి అందులోకి దిగింది. అదీ నడుము దాకానే.

"సూర్రావూ," అని అరిచింది, "ఇటు రా!"