సర్‌నేమ్ అంటే సారు పేరు

మా స్టోర్ సారు పోయారు. ఇంగ్లండు నుంచి ఆయన కూతురు నా మనవరాలి ఫోనుకు కబురు పంపింది. నిద్రలోనే వెళ్ళిపోయారట. మనవరాలు చదివి వినిపించి, "ఎవరు తాతా ఈయన?" అని అడిగింది. "కొన్నాళ్ళు ఆయన ఇంటిపేరే నా ఇంటిపేరు బిడ్డా" అన్నాను. ఆ పిల్ల పకపకా నవ్వింది. అప్పట్లో అందరూ అలాగే నవ్వారు. ఆ నవ్వు వెనక ఉన్నది ఆయనకొక్కరికే తెలుసు. ఇప్పుడు ఆయన లేరు కాబట్టి మీకు చెబుతున్నాను.

చమురు పుణ్యమా అని ఖతర్‌లో ఎక్కడ చూసినా రోడ్లు, పైపులు, కొత్త కట్టడాలు లేస్తున్న కాలమది. కరీంనగర్ జిల్లా నుంచి వెళ్ళిన నేను అల్ ఖోర్ దారిలో ఒక కంపెనీ క్యాంపులో పడ్డాను. సైటు స్టోరుకు ఆయన పెద్ద, నేను ఆయన కింద మనిషిని. ఆయన ఇంటిపేరు వాకర్. మాడు పగిలే ఎండలో కూడా జీపెక్కకుండా షెడ్డు నుంచి షెడ్డుకు నడిచేవారు. అందుకే ఆ పేరు పెట్టారనుకునేవాళ్ళం. హిందీ ముక్కలు, అరబ్బీ ముక్కలు కలిపి ఆయన మాట్లాడే భాష మాకు బాగానే అర్థమయ్యేది. నేను డబ్బా మీద చీటీ చూడకుండా సరుకు అందిస్తే మాత్రం ఊరుకునేవారు కారు. "చీటీ మీద ఏముందో అది చదువు, నీకు కావలసింది చదవకు" అనేవారు.

వెళ్ళిన మొదటి వారంలోనే కంపెనీ గుర్తింపు కార్డులు రాయించింది. లైన్లో నా ముందూ వెనకా మా జిల్లా వాళ్ళే. గుమాస్తా తలెత్తకుండా "సర్‌నేమ్?" అన్నాడు. నేను "వాకర్" అన్నాను. అలాగే రాసుకున్నాడు. కార్డు చేతికొచ్చాక క్యాంపంతా ఒకటే గోల.

"సర్‌నేమ్ అంటే సారు పేరు అనుకున్నడురా వీడు! ఏం వాకర్ దొరా, చాయ్ తాగుతవా?"

నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. కానీ పదో తరగతి పాసైనవాడికి సర్‌నేమ్ అంటే తెలియదా? నా పాస్‌పోర్టులో చాకలి లింగయ్య అని ఉంది. మాకూ ఒక ఇంటిపేరుంది గానీ ఊళ్ళో దాన్ని ఎవరూ అడగలేదు, కాగితాల మీద కులమే ఇంటిపేరైపోయింది. మేము దిగిన రెండో రోజే, మేము పడుకునే షెడ్డు పక్కదాంట్లో మా కులపాయన్ను ఒకరిని చూశాను. డ్యూటీ లేని శుక్రవారం పూట షెడ్డులో వాళ్ళందరి బట్టలు ఆయన ముందు గుట్టగా పడి ఉన్నాయి. ఎవరూ ఆయన్ను బతిమాలలేదు, బెదిరించలేదు, తెచ్చి పడేశారంతే. సముద్రం దాటి వచ్చినా చాకిరేవు వెంటే వచ్చిందనుకున్నాను. లైన్లో ఆ మాట నా నోట రాలేదు, ఎదురుగా నిలబడి ఉన్న సారు పేరు వచ్చింది.

రెండేళ్ళ కాంట్రాక్టు అయిపోయి ఇంటికి బయలుదేరితే, దేశం దాటనిచ్చే కాగితం ఇవ్వలేదు. దోహా ఆఫీసులో ఒకతను నా కార్డూ పాస్‌పోర్టూ పక్కపక్కన పెట్టి చూసి, "హాదా నఫర్ మాఫీ" అన్నాడు. అంటే ఈ మనిషే లేడని. పాస్‌పోర్టులో ఉన్నవాడు వచ్చాడు గానీ పని చేయలేదు, కార్డులో ఉన్నవాడు పని చేశాడు గానీ రానేలేదు. ఇద్దరిలో ఎవరినీ పంపడం కుదరదన్నారు.

ఏడు నెలలు అలా ఇరుక్కుపోయాను. నేను వచ్చాక పుట్టిన కూతురిని అప్పటికి కళ్ళతో చూడలేదు. 'పిల్ల ఇంటికి ఎవరొచ్చినా నాయినా అంటుంది, నాకు సిగ్గయితుంది, జల్ది రా' అని నా భార్య రాయించింది. ఆ ఉత్తరం చదివిన రోజు అన్నం ముట్టలేదు. నాతో వచ్చినవాళ్ళు పెట్టెలు కట్టుకుని పోతున్నారు, కొత్తవాళ్ళు వచ్చి వాళ్ళ మంచాల మీద పడుకుంటున్నారు, నేను మాత్రం అదే రేకుల కింద, అదే మంచంలో. సారు రోజూ అడిగేవారు. "ఆఫీసు వాళ్ళు తిప్పుతున్నారు సార్" అని రోజూ చెప్పేవాణ్ణి.

ఒకరోజు నాకు చెప్పకుండా ఆయనే దోహా వెళ్ళి కనుక్కొని వచ్చారు. "ఇద్దరు సాక్షులను తెచ్చి పేరు చెప్పిస్తే చాలట కదా. మీ జిల్లా వాళ్ళు అయితే చాలట. మొదటి నెలలోనే నీకు చెప్పారట" అన్నారు. మా జిల్లా వాళ్ళ ముందే ఆ పేరు పలకాలి. తాళం చెవి జేబులో పెట్టుకుని ఏడు నెలలు తలుపు బాదుతున్నవాణ్ణి, ఏమని చెప్పను?

ఆయన కోప్పడలేదు. చెక్కపెట్టె మీద కూర్చుని, "నా పేరుకు అర్థం తెలుసా?" అన్నారు.

"నడిచేవాడు సార్."

"ఎక్కడ నడిచేవాడు? తొట్టెలో. మా వైపు కొత్తగా నేసిన ఉన్ని బట్టను మట్టినీళ్ళలో, పుల్లబెట్టిన మూత్రంలో నానబెట్టి కాళ్ళతో తొక్కేవారు. బట్ట మురికి వదిలి గట్టిపడేది. ఆ పని చేసేవాడు వాకర్. మా దేశంలో దక్షిణాదిన అదే పనివాణ్ణి ఫుల్లర్ అంటారు, ఇంకో మూల టక్కర్ అంటారు. పేర్లు మూడు, తొట్టె ఒకటే. కంపుకు ఎవరూ దగ్గరికి వచ్చేవారు కారట."

నాకు మా నాయన సౌడుమట్టి కలిపిన నీళ్ళూ, నానిపోయి తెల్లబడ్డ ఆయన పాదాలూ గుర్తొచ్చాయి. ప్రపంచంలో ఇన్ని పేర్లుండగా తప్పించుకోవడానికి నేను పట్టుకున్న పేరు ఇదా! నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఉన్నదంతా చెప్పేశాను, చాకలి అంటే ఏమిటో, ఊళ్ళో ఆ మాటతో మమ్మల్ని ఎలా పిలుస్తారో కూడా. అంతా విని, "యల్లా, రేపు పోదాం" అన్నారు.

మర్నాడు నా షెడ్డులోని మా జిల్లా వాళ్ళిద్దరిని జీపెక్కించారు, తానూ ఎక్కారు. ఆఫీసులో నా పేరు పూర్తిగా నేనే చెప్పాను. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సంతకాలయ్యాక ఒకడు, "అరె, ముందుగాల చెప్తే అయిపోవు గదా. రేపు శుక్రవారం, నా బట్టలు సుత ఉన్నయి" అన్నాడు.

"నీ బట్టలు నువ్వే పిండుకో అన్నా" అన్నాను. ఆ మాట అనడానికి నాకు రెండేళ్ళ ఏడు నెలలు పట్టింది.

సారు నన్ను విమానాశ్రయానికి తీసుకొచ్చారు. నేను లోపలికి వెళ్ళే వరుసలో నిలబడ్డాను. ముందు నిజామాబాద్ వాళ్ళు, వెనక జగిత్యాల వాళ్ళు, అన్నీ మన మాటలే. అప్పుడు అవతలి నుంచి ఆయన గొంతెత్తి పిలిచారు. వాళ్ళ దేశంలో పెద్దమనుషులను పిలిచినట్టే పిలిచారు.

"మిస్టర్ చాకలి!"

వరుసలో తెలుగు తలలన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి. అందరికంటే ముందు నేను తిరిగి చెయ్యెత్తాను.