గింజలున్న కాడ

మా గోదావరిఖని క్వార్టర్లలో ఆడవాళ్లకు తోటపని నేర్పడానికి వచ్చిన ఆ సారు పేరు నాకు గుర్తులేదు. “అర్థమైందా?” అనే ఆయన మాట మాత్రం గుర్తుంది. వేరు నీళ్లు తాగుతుంది, అర్థమైందా? ఆకు వంట చేస్తుంది, అర్థమైందా? మూడో తరగతి దాకా చదివిన నాకు కూడా మొదటిసారికే అర్థమైంది.

ఒక సాయంత్రం పువ్వు పాఠానికి నా ఆనిగెపు తీగ, అదే సొరపాదు, దగ్గరికి వచ్చాడు. బొగ్గు దుమ్ము పడ్డ ఆకులను తడిబట్టతో తుడిచి, బియ్యం కడిగిన నీళ్లు పోసి పెంచిన తీగ అది. తొలి పిందెలు మూడే పట్టాయి. పక్కన మగపూలు బోలెడు ఉన్నా, ఆయన చెయ్యి సరిగ్గా పిందె ఉన్న పువ్వు మీదికే పోయింది.

“ఆగుండ్రి సారూ, దాని కింద పిందె ఉన్నది. గా ఉత్త పువ్వు తెంపుండ్రి.”

“అది కాడ అవ్వా. కొంచెం లావుంటుంది, అర్థమైందా?”

అందరికీ చూపించాలని మూడూ తెంపాడు. ఒకదాన్ని నేను గోటితో చీలిస్తే లోపల లేత గింజలు కనిపించాయి. ఆ ముక్కను ఆయన అరచేతిలోనే పెట్టాను.

“గింజలున్న కాడ ఏడనన్న ఉంటదా సారూ? మీరు తెంపింది మా ఇంటి మూడు పూటల కూర. అర్థమైందా?”

ఆడవాళ్లంతా నవ్వారు. ఆయన తలూపాడు. ఆ రోజు పాఠం నేర్చుకున్నది ఆయనొక్కడే, అదీ నా కూర ఖర్చుతో.