గరగర లేని రేడియో

నాచారంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే, ఆ తెలివిలో సగం గొంతు, మిగతా సగం మీసం. ఆ రోజుల్లో వారమంతా ఇంజనీరింగ్ యూనిట్లో మిషన్ల మోత వినడం, ఆదివారం ఉప్పల్ నుంచి బావ జీపుల గుంపుతో బయలుదేరి కీసర అవతల రాళ్లలో, బురదలో పడి తిరగడం, ఇదే నా లోకం. బావ అంటే మా అక్క భర్త, గుంపుకి పెద్ద. ఫోన్ సిగ్నల్ అందని గుట్టల దగ్గర బండ్లు విడిపోతున్నాయని ఆయన మూడు జీపులకూ, బండి నుంచి బండికి మాట్లాడుకునే సీబీ రేడియోలు తెప్పించాడు. బిగించింది నేను. బిగించినవాడు ఊరుకుంటాడా? మా ఇంటి ముందు అందరినీ నిలబెట్టి పాఠం మొదలుపెట్టాను.

"నలభై ఛానళ్లుంటయ్. మూడు బండ్లు ఒక్క ఛానల్ మీదనే ఉండాలె. మనది పద్నాలుగు. బటన్ నొక్కితే మాట్లాడుడు, ఇడిస్తే ఇనుడు. మాట అయిపోయినంక 'ఓవర్' అనాలె."

"మరి ఈ రెండో నాబ్ ఏంది?" అన్నాడు బావ.

"గది స్క్వెల్చ్, బావా. ఎవ్వరు మాట్లాడనప్పుడు వచ్చే గరగరను బంద్ జేస్తది."

(మరీ ఎక్కువ తిప్పితే గరగరతో పాటు దూరపు మాటలనూ బంద్ చేస్తుందని చెప్పలేదు. తెలిస్తే కదా చెప్పడానికి!)

నా పాండిత్యానికి బావ మురిసిపోయి, నేను నెలల తరబడి ఎదురుచూస్తున్న మాట అనేశాడు. "బామ్మర్దీ, ఇయ్యాల ముందు బండి నీదే. రెండు బండ్లను గుట్ట మీదికి మంచిగ తీస్కపో. ఇగ ఎప్పటికీ లీడ్ నువ్వే."

నా కాళ్లు నేల మీద లేవు. బురదలో చిక్కితే లాగే తాడు, అందరి మధ్యాహ్నం బగారన్నం నా బండిలోనే వేయించుకున్నాను. పక్క సీట్లో మా యూనిట్ నిద్రన్న కూర్చున్నాడు. (నైట్ షిఫ్ట్‌లు చేసీ చేసీ ఎక్కడ కూర్చుంటే అక్కడే గురక పెట్టే మహానుభావుడు.) నాగారం దాటేసరికే ఆయన నిద్రపోయాడు. లీడర్ బండిలో గరగర ఏమిటని నేను ఆ నాబ్‌ను దాదాపు చివరిదాకా తిప్పాను. వెనక బండ్లు దగ్గరగా ఉన్నంతసేపు మాటలు వినిపించాయి. మట్టి దారి ఎక్కి నేను వేగం పెంచాక రేడియో గుడిలా ప్రశాంతమైంది. ఆహా, మనవాళ్లకు క్రమశిక్షణ వచ్చిందనుకున్నాను! బండి ఎగురుతోంది, నా గుండె దానికంటే ఎత్తుకు ఎగురుతోంది, నేను మైకు వదలడం లేదు.

"ముందట రాయున్నది, జర పైలం! ఓవర్." "దారి రెండుగ చీలింది. నేను కుడికి పోతున్న. ఎవరికన్న అభ్యంతరముంటే చెప్పున్రి! ఓవర్." ఎవరూ కిక్కురుమనలేదు. "మస్తు! అందరు ఒప్పుకున్నరు. ఓవర్!"

ఆ కుడి దారి పాత క్వారీ గోతి అంచున ఆగిపోయింది. నేను వేసిన బ్రేకుకు నిద్రన్న ముందుకు తూలి, రేడియోను పట్టుకొని నిలదొక్కుకున్నాడు. ఆయన చేతి కింద నాబ్ వెనక్కి తిరిగింది. అంతే, గరగరమంటూ బావ గొంతు బండి నిండా పేలింది.

"...ఎన్కకు రా, ఎడమకు పోవాలె! అరగంట నుంచి మొత్తుకుంటున్న! నీ ఎన్కల వచ్చి, నువ్వు జోరుగ దాటిన బురదల మేం దిగబడ్డం! తాడు నీ తాననే ఉండె, బువ్వ నీ తాననే ఉండె!"

నిద్రన్న కళ్లు నులుముకుంటూ "గుట్ట వచ్చిందా తమ్మీ?" అన్నాడు.

వెనక్కి వెళ్లేసరికి రెండు జీపులూ ఇరుసుల దాకా దిగబడి ఉన్నాయి. బావ మోకాళ్ల లోతు బురదలో, చేతిలో మైకుతో నిలబడి ఉన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నువ్వు మాట్లాడిందంత మేమిన్నం బామ్మర్దీ," అన్నాడు తాడు అందుకుంటూ. "మేం మాట్లాడింది నువ్వొక్కటన్న ఇన్నవా? అభ్యంతరముంటే చెప్పున్రంటివి. గొంతులు పోయేటట్టు చెప్పినం గదరా!"

లీడ్ పోయింది. ఆ తర్వాత చాలా ఆదివారాలు నాది చివరి బండే. గరగర భరిస్తూ, ముందువాళ్ల మాటలు వింటూ వెళ్లాను. దారులన్నీ తెలిసింది అప్పుడే.

ఇప్పుడు మీసం నెరిసింది, గొంతు తగ్గింది. అయినా అప్పుడప్పుడు ఇంట్లో ఏదో నిర్ణయం ప్రకటిస్తాను. మా ఆవిడ, అమ్మాయి ఏమీ అనరు. ఇల్లంతా ప్రశాంతం. "మస్తు, అందరు ఒప్పుకున్నరు" అని నోటిదాకా వస్తుంది. అంతలో మోకాళ్ల దాకా బురదతో బావ కళ్ల ముందు నిలబడతాడు. నేను టీవీ కట్టేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఇప్పుడు చెప్పున్రి" అంటాను. ఇక మొదలవుతుంది చూడండి గరగర!