హ్యూ కొలతకు కుట్టిన కోటు

"...నడుం దగ్గర అంత వదులు వదిలేస్తే అది కోటులా ఉండదు వదినా, గోనెసంచిలా ఉంటుంది."

"ఉంటే ఉండనీ. ఇంటికొచ్చాక వాడు తినడా? ఒళ్ళు చెయ్యడా? అప్పుడు మళ్ళీ విప్పి కుడతావా?"

"అప్పుడే విప్పుతాను. ముందు ఆ ప్లిమత్ కెప్టెన్ నమ్మాలిగా, కోటు ఈయనదేనని. అరువు తెచ్చుకున్నట్టు వేలాడుతుంటే మీ తమ్ముణ్ణి వదిలేస్తాడా?"

ఉర్సులా సూది కింద పెట్టేసింది. తమ్ముడు హ్యూ ఎంత చిక్కిపోయాడో మరదలి నోట వినడం ఆమెకు ఇష్టం లేదు. థామసిన్ మాత్రం నడుం దగ్గర రెండు వైపులా వేలెడంత లోపలికి మడిచి, గుడ్డ మీద సుద్దతో గీత గీసింది.

వెస్ట్‌మిన్‌స్టర్‌లో మా సందులో థామసిన్ గాబెల్‌ను ఎరగని వాళ్ళు లేరు. పెద్దమనుషులు మెడచుట్టూ పెట్టుకునే తెల్లని మడతల పట్టీలకు గంజి పెట్టడం ఆమె పని. పదమూడేళ్ళప్పుడు ఒక ఫ్లెమిష్ ఆవిడ దగ్గర పనికి చేరి, ఇనుప పుల్లలు కాల్చి ఒక్కొక్క మడతనూ నిలబెట్టడం నేర్చుకుంది. ఆ పుల్లల మచ్చలు ఇప్పటికీ ఆమె వేళ్ళ మీద ఉన్నాయి. చెప్పులు కుట్టే హ్యూను చేసుకుంది. ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇద్దరినీ ప్లేగు వచ్చిన ఏడాది ఒకే గోతిలో పెట్టారు. తరవాత మేడ మీద గది ఖాళీగా ఉంచడం భరించలేక, పార్లమెంటు కూడినప్పుడల్లా దాన్ని అద్దెకిచ్చేవాళ్ళు. అందులో ఎప్పుడూ దిగేది సర్ ఆంబ్రోస్ వెక్స్‌కమ్.

ఆయన మంచి మాటకారి. మేడ మీద చలిగా ఉందని కిందికొచ్చి, పొయ్యి దగ్గర బల్ల మీద కూచుని, హ్యూ పోసిన బీరు తాగుతూ గంటలు గంటలు చెప్పేవాడు. రాజుగారు పార్లమెంటును అడక్కుండా జనం దగ్గర అప్పు అంటూ డబ్బు లాగడం మొదలుపెట్టిన కాలం అది. అది అప్పు కాదు, దోపిడీ అని సర్ ఆంబ్రోస్ అన్నాడు. దొర అయినా చెప్పులు కుట్టేవాడైనా చట్టం ముందు ఒకటేనన్నాడు. మనమంతా ఒక్కమాట మీద ఉంటే ఎవరినీ ఏమీ చేయలేరన్నాడు. హ్యూ ఎవరి మాటా అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. కానీ తన వంటింట్లో కూచుని తనతో సమానంగా మాట్లాడిన దొర అంతకుముందు ఎవరూ లేరు. ఆ అప్పు వసూలుకు చర్చిలో కూచున్న అధికారుల ముందు నిలబడి, ఇవ్వనని చెప్పాడు.

సర్ ఆంబ్రోస్ కూడా ఇవ్వనన్నాడు. ఆయన్ను ఇంకో జిల్లాలో ఒక పెద్దింట్లో ఉంచి, తోట దాటి బయటికి పోవద్దన్నారు. హ్యూను మాత్రం ఆ వారంలోనే పట్టుకుపోయి సిపాయిని చేశారు. ఇవ్వనన్న పేదవాళ్ళందరికీ అదే జరిగింది. ఒక ఫ్రెంచి దీవి మీదికి యుద్ధానికి వెళ్ళిన ఓడల్లో హ్యూ వెళ్ళాడు. చలికాలం మొదట్లో ఆ ఓడలు సగం మందితో తిరిగొచ్చాయి. చెవి పోగొట్టుకున్న ఒక సిపాయి మా సందులోకొచ్చి, హ్యూ బతికే ఉన్నాడని, ప్లిమత్‌లో ఒక కొట్టంలో గడ్డి మీద పడుకుంటున్నాడని, ఎండలు రాగానే మళ్ళీ ఓడ ఎక్కిస్తారని చెప్పిపోయాడు. ఇంకోసారి ఎక్కితే బతకడని కూడా అన్నాడు.

కొత్త సంవత్సరం రాగానే దొరలందర్నీ వదిలేశారు. సర్ ఆంబ్రోస్ ఊళ్ళో గంటలు మోగించి మరీ ఆయన్ను పార్లమెంటుకు ఎన్నుకున్నారు. మార్చిలో ఆయన మళ్ళీ ఆ మేడ గదిలో దిగాడు. హ్యూ సంగతి ఎత్తడానికి థామసిన్ మాటలు కూడదీసుకుంటుంటే ఆయనే ముందుగా ఎత్తాడు. పార్లమెంటు సాగినన్నాళ్ళూ సభ్యుడి కొలువులో ఉన్న మనిషి జోలికి ఎవరూ పోకూడదు. అది ఎప్పటినుంచో ఉన్న కట్టడి. సభ తెరిచే రోజున హ్యూను తన మనిషిగా చెప్పేస్తానన్నాడు. తన సేవకులు తొడుక్కునే కోటుకు నీలం గుడ్డ, దాని చేతి మీద కుట్టడానికి తన ఇంటి గుర్తయిన కొంగ బొమ్మ ఇచ్చాడు.

"హ్యూ నా మాట మీద నిలబడ్డాడు. నేను హ్యూ పక్కన నిలబడకపోతే ఎట్లా?" అన్నాడు.

సభ తెరిచే ముందురోజు కోటు తీసుకున్నాడు. నమ్మకమైన మనిషి ఒకడు గుర్రం మీద ఆ దారినే పోతున్నాడని, వాడి చేత ప్లిమత్‌కు పంపుతానని చెప్పాడు. థామసిన్ కోటు మడిచి, లోపలి జేబులో హ్యూ చెప్పులు కుట్టే సూది ఒకటి పెట్టి ఇచ్చింది.

మర్నాడు సోమవారం. రాజుగారు వచ్చే దారంతా ఇసుక పోశారు. థామసిన్ సర్ ఆంబ్రోస్ మెడపట్టీని చివరి మడత దాకా సరిచేసి, పిన్నులు పెట్టి పంపింది. ఈస్టర్ ముందు మాంసం ముట్టని లెంటు రోజులు కావడంతో బఠాణీల గంజి తాగి, ఉర్సులాను వెంటబెట్టుకుని పార్లమెంటు కూడే ప్యాలెస్ ముంగిటికి వెళ్ళింది. ఊరేగింపు మీద ఆమెకు ఆసక్తి లేదు. హ్యూ పేరు చెప్పేశానని ఆయన బయటికొచ్చి అంటే వినాలి, అంతే. బూరలు మోగాయి. రాజుగారు గుర్రం మీద అబ్బే చర్చికి వెళ్ళారు, ప్రసంగం విన్నారు, ప్యాలెస్ లోపలికి వెళ్ళారు. తరవాత తలుపులు మూశారు.

మెట్ల దగ్గర సభ్యుల సేవకులు యజమానుల అంగీలు మోస్తూ, గుర్రాలు పట్టుకుని నిలబడ్డారు. అక్కడ ఉర్సులా ముందు చూసింది. మరదలి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

నీలం కోటు, చేతి మీద కొంగ బొమ్మ. లోపల ఉన్నది జైల్స్ మడ్‌ఫర్డ్, రేవు దగ్గరి సారాదుకాణం యజమాని బావమరిది. ముప్పయ్యేళ్ళవాడు, లావుపాటి మనిషి. గుండీలు కలవలేదు. కోటు చేతులు మణికట్టుకు చాలా పైనే ఆగిపోయాయి. థామసిన్‌ను చూడగానే వాడి మొహం విప్పారింది.

"వచ్చావా అక్కా, బతికించావు. ఊపిరాడటం లేదు. కొంచెం వదులు చేసిపెడతావని దొరగారన్నారు. ఎవడి కొలతకు కుట్టావిది, కొంగకా?"

పక్కనున్న సేవకులు నవ్వారు. వాడికేమీ తెలియదు. రేవులో మళ్ళీ జనాన్ని సిపాయిలుగా పట్టుకుపోతున్నారని భయపడితే, తమ దుకాణానికి అలవాటుగా వచ్చే సర్ ఆంబ్రోస్ తనను కొలువులో పెట్టుకున్నాడని, నిన్న సాయంత్రమే కోటు ఇచ్చాడని సంబరంగా చెప్పాడు. చెబుతూనే కోటు విప్పి ఆమె చేతిలో పెట్టాడు. జేబులో ఏదో గుచ్చుకుందని, తీసి పారేశానని కూడా అన్నాడు.

థామసిన్ కోటు చేతి మీద వేసుకుని అక్కడే నిలబడింది. ఇంటికి పోదామని ఉర్సులా అంది. ఆమె కదల్లేదు.

తలుపులు తెరుచుకునేసరికి మధ్యాహ్నం దాటింది. సర్ ఆంబ్రోస్ మరో ఇద్దరు సభ్యులతో మాట్లాడుతూ బయటికొచ్చాడు. ఆమె చేతి మీది కోటు చూసి వాళ్ళను ముందుకు పొమ్మన్నాడు.

ఆయన చాలా చెప్పాడు. మెల్లగా, దయగానే చెప్పాడు. ఇవ్వనన్నవాళ్ళ జాబితాలో అధికారుల దగ్గర హ్యూ పేరు ముందే ఉందట. మొదటి రోజే అలాంటి వాడి పేరెత్తితే అందరి కళ్ళూ తన మీద పడతాయట. కొత్తగా విడుదలైన తన లాంటి వాళ్ళు ఇప్పుడు ఆచితూచి నడవాలట. జైల్స్ విషయంలో అడిగేవాడెవడూ లేడట.

"నీ భర్త లాంటి వాళ్ళ కోసమే కదమ్మా మేం లోపల మాట్లాడేది" అన్నాడు.

"లోపల హ్యూ పేరు ఎవరైనా అన్నారా దొరగారూ?"

"అక్కడ పేర్లు ఉండవమ్మా. చట్టం ఉంటుంది."

"నిన్న నా చేతిలోంచి కోటు తీసుకున్నప్పుడు మీకు తెలుసా, ఇది ప్లిమత్ పోదని?"

సర్ ఆంబ్రోస్ మెడపట్టీ అంచును వేలితో తడిమాడు. గంజి గట్టిగా పట్టింది, మడత చెక్కుచెదరలేదు. ముందుకెళ్ళిన ఇద్దరూ ఆగి ఆయన కోసం చూస్తున్నారు.

"ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం" అన్నాడు. కోటు జైల్స్‌కు ఇమ్మన్నట్టు చెయ్యి చాచాడు.

థామసిన్ కోటును తిరగేసి, నలిగిన చోట చేత్తో సాపు చేసి, చంకలో పెట్టుకుంది.

"ఇది రేపు పొద్దున నాతో ప్లిమత్ వస్తోంది దొరగారూ. హ్యూ దీన్ని తొడుక్కుంటాడు. ఎవరి మనిషివని కెప్టెన్ అడిగితే మీ పేరు చెబుతాడు. కాదనాలంటే మీరే మీ చేత్తో రాసి పంపండి."