గార్డు డబ్బా పోయేదాకా

మౌలాలి రైల్వే కాలనీ పక్క గ్రౌండ్‌లో నలభై దాటినవాళ్ల ఫుట్‌బాల్ టీమ్ ఒకటుంది. టీమ్ అనడం నా మర్యాద. పొట్టలు ముందు, మనుషులు వెనక. ఆదివారం మ్యాచ్‌కి ఒక్క ఖాళీ ఉందని తెలిసి పోయిన ఏడాది నేనూ వెళ్లాను. పదేళ్లుగా ఆడలేదు, ఆ చోటు నాకు కావాలి. వాళ్లను చూశాక అది నాదే అనుకున్నాను.

వాళ్ల కోచ్ గూడ్స్ బండి గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన. ఆయన వార్మప్‌కి గడియారం లేదు. గ్రౌండ్ పక్క పట్టాల మీద గూడ్స్ ఇంజన్ కనబడగానే అందరూ పరుగు మొదలుపెట్టాలి, చివర గార్డు డబ్బా దాటాకే ఆపాలి. చేతికి వాచీలున్న మగాళ్లు వ్యాగన్లు చూసుకుంటూ పరిగెత్తడం! నవ్వుకుంటూనే నేనూ కలిశాను.

ఆ రోజు బండి సగం దాటి సిగ్నల్ లేక ఆగిపోయింది. వీళ్లు ఆగలేదు. నిలబడ్డ వ్యాగన్లను చూస్తూ, నాలాగే ఆ ఖాళీ కోసం వచ్చిన, బోయిగూడలో బేకరీ నడిపే ఆసామి రొప్పుతూ తిరుగుతూనే ఉన్నాడు. నేను ఆగి బంతి అందుకున్నాను. కుడికాలు, ఎడమకాలు, మోకాలు, తల. అరవై దాకా కింద పడనివ్వలేదు. ఆట అంటే ఏమిటో ఆ మందకు చూపిద్దామని.

అరగంటకు బండి కదిలింది. గార్డు డబ్బాలోంచి ఎవరో చెయ్యూపారు. పెద్దాయన లేచి నిలబడి తనూ చెయ్యూపి, నా దగ్గరికొచ్చాడు.

"బాల్ మంచిగ ఆడ్తవ్ బిడ్డా. గని ఎనక డబ్బా రాకముందే నిలబడితివి."

"బండే ఆగింది కదా అంకుల్!"

"బండి ఆగుతది. గార్డు దిగి ఇంటికి పోతడా?"

ఆ చోటు బేకరీ ఆసామికిచ్చాడు. బంతిని తన్నబోయి గాలిని తన్నే మనిషికి!

ఆదివారం పనిగట్టుకుని వెళ్లి గట్టు మీద కూర్చున్నాను. అయిదు గోల్స్ తిన్నారు. నా కడుపు చల్లబడింది. అయిదోది పడ్డాక కూడా బేకరీ ఆసామి బంతి వెంట పడి పోతూనే ఉన్నాడు. ఇంకెందుకురా సన్నాసీ అనుకున్నాను. అనుకుంటుండగానే ఏడుపొచ్చినంత పనైంది. ఆ దిక్కుమాలిన పదకొండు మందిలో నేనెందుకు లేను?

తర్వాతి వారం మళ్లీ వెళ్లాను. బండి సరిగ్గా అక్కడే ఆగింది. సిగ్నల్‌నీ, పెద్దాయననీ, ఆయన పుట్టిన ఊరినీ తిట్టుకుంటూ, బేకరీ ఆసామి వెనకాలే పరిగెత్తాను.